సముద్రం కనిపించే గది అన్నారు, కిటికీ నిండా లైఫ్‌బోటే: క్రూయిజ్‌లో గది ఎలా చూసుకోవాలి?

తెల్లకెరటం (సీతమ్మధార)
శనివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. నాన్నగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఓడల్ని ఒడ్డు మీంచి చూడటమే తప్ప ఎక్కింది లేదు. ఆయన్నీ అమ్మనీ ఒక్కసారైనా తీసుకెళ్లాలని మావారూ నేనూ చాలాకాలంగా డబ్బు దాచాం. నలుగురం వైజాగ్ నుంచి విమానంలో సింగపూర్ వెళ్లి, అక్కడ ఓడెక్కి పెనాంగ్, ఫుకెట్ చూసి వచ్చే ప్యాకేజీ తీసుకున్నాం. బుక్ చేసింది ఊళ్లోనే ఉన్న ఒక ఏజెన్సీలో. ఓడ పేరు, ఏజెన్సీ పేరు రాయను. దయచేసి ఎవరూ అడగొద్దు.

మాకు చెప్పింది 'సముద్రం కనిపించే గది, నలుగురికి సరిపోతుంది' అని. గదిలోకి అడుగు పెట్టగానే నాన్నగారు వెళ్లి కర్టెన్ లాగారు. అద్దం నిండా నారింజ రంగు లైఫ్‌బోటు. బోటు పొట్ట, దాన్ని వేలాడదీసిన ఇనుప తీగలు, కప్పీల మీద నల్లటి గ్రీజు. పైన జానెడు సందులో ఆకాశం. నీళ్లు చూడాలంటే కిటికీ కింద మూలకి తల ఆనించి వంగాలి. ఆయన ఏమీ అనలేదు, కర్టెన్ మళ్లీ వేసేశారు. నాకు ఆ క్షణం చాలా కష్టమనిపించింది.

నలుగురికి సరిపోవడం అంటే, కింద రెండు మంచాలు, రాత్రయ్యేసరికి పైకప్పులోంచి కిందికి దించే రెండు బెర్తులు. నిచ్చెన వేస్తే బాత్‌రూమ్‌కి దారి ఉండదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, రాత్రి రెండు మూడుసార్లు లేవాలి. లేచిన ప్రతిసారీ మావారు పైనుంచి దిగి నిచ్చెన తీసి పక్కన పెట్టేవారు.

మా కింద డెక్కులో, అంటే కింది అంతస్తులో, డాన్స్ హాలు. అర్ధరాత్రి దాటాక కూడా దిండు కింద దబ్‌దబ్‌మని మోత. ఇక ఫుకెట్‌లో గాలి ఎక్కువగా ఉందని మమ్మల్ని ఒడ్డుకి చేర్చే చిన్న పడవలు దింపలేదు. ఒడ్డు కళ్ల ముందే ఉంది, దిగే వీల్లేదు. పోర్టు చార్జీల కింద కొద్దిపాటి డబ్బు వెనక్కి ఇచ్చారు, అంతే.

రిసెప్షన్‌లో అడిగితే ఓడ నిండిపోయింది, వేరే గది లేదన్నారు. తిరిగొచ్చాక ఏజెన్సీని అడిగితే 'కిటికీ ఉంది కదా మేడమ్' అన్నారు.

రెండు విషయాలు అడగాలి. గది బుక్ చేసేటప్పుడు ఏమేం చూడాలి? కట్టిన డబ్బులో కొంతైనా తిరిగి వచ్చే దారి ఉందా?

---

గాజువాక గృహిణి
శనివారం, రాత్రి 9.32

చదువుతుంటే మా ప్రయాణమే గుర్తొచ్చిందండీ. మాది లోపలి గది, కిటికీయే లేదు. లైటు ఆర్పితే పగలో రాత్రో తెలీదు, చంటిదానికి నిద్ర వేళలన్నీ తారుమారయ్యాయి. దానికి తోడు బాత్‌రూమ్‌లోంచి మురుగు వాసన. మీ నాన్నగారి గురించి చదివి బాధేసింది.

---

డాల్ఫిన్ నోస్ (మల్కాపురం)
శనివారం, రాత్రి 10.15

ఓడల మీద ఇంజన్ రూమ్‌లో పనిచేసినవాణ్ణి, ఎక్కువకాలం సరుకు ఓడలు, తర్వాత ప్రయాణికుల ఓడలు. నాకు తెలిసింది రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందుగా ఊపు సంగతి. ఓడ రెండు రకాలుగా ఊగుతుంది. పక్కలకి ఒరగడం ఒకటి, ముందూ వెనకా లేచి పడటం ఇంకొకటి. పక్కల ఊపు తగ్గించడానికి నీటి మట్టానికి కింద రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. ఓడ వేగంగా పోతున్నప్పుడే అవి బాగా పనిచేస్తాయి. ముందూ వెనకా ఊపుని అవి పెద్దగా ఆపలేవు. అందుకే ముక్కు దగ్గరా తోక దగ్గరా ఉన్న గదుల్లో ఎక్కువ కుదుపు. ఓడ పొడవుకి మధ్యలో, కింది డెక్కుల్లో ఉన్న గది అన్నిటికన్నా స్థిమితంగా ఉంటుంది. చాలా ఓడల్లో చౌక గదులు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. ఎక్కువ డబ్బు పోసి పై డెక్కులో బాల్కనీ తీసుకున్నవాళ్లకే ఊపు ఎక్కువ తెలుస్తుంది. తల తిరిగే స్వభావం ఉన్నవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇక మోతలు. ముక్కు భాగంలో నీటి కింద అడ్డంగా ఒక సొరంగం, అందులో ప్రొపెల్లర్ ఉంటుంది. బో థ్రస్టర్ అంటాం. ఓడని రేవు గట్టుకి చేర్చేటప్పుడు అది తిరుగుతుంది. రేవులకి చేరేది ఎక్కువగా తెల్లవారుజామునే కాబట్టి, ముందు భాగంలో కింది గదుల్లో పడుకున్నవాళ్లకి ఆ వేళ మంచం కింద కంకర మర ఆడుతున్నట్టు ఉంటుంది. లంగరు గొలుసు మోత కూడా అక్కడే. వెనక భాగంలో ప్రొపెల్లర్ల అదురు. పాత ఓడల్లో మరీ ఎక్కువ, బల్ల మీద పెట్టిన గాజు గ్లాసు దానంతటదే అంచుకి జరుగుతుంది.

తెల్లకెరటం గారూ, మీ గది చాలావరకు ఓడ మధ్యలోనే ఉండుంటుంది. లైఫ్‌బోట్లు వరసగా వేలాడేది అక్కడే. ఊపు విషయంలో మంచి చోటు, చూపు విషయంలో చెడ్డ చోటు. కంపెనీలకి ఈ సంగతి బాగా తెలుసు. అడ్డం ఉన్న కిటికీ గదులకి చాలా కంపెనీలు విడిగా కేటగిరీ పెట్టి కొంచెం తక్కువకి అమ్ముతాయి. మీకు అమ్మినవాళ్లు ఆ ముక్క చెప్పారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

గాజువాక అమ్మా, ఆ వాసన చాలాసార్లు నేల మీదున్న జాలీ లోపలి వంపులో నీళ్లు ఎండిపోవడం వల్ల వస్తుంది. ఒక మగ్గు నీళ్లు ఆ జాలీలో పోస్తే వాసన ఆగిపోతుంది. ఆగకపోతే మెయింటెనెన్స్ వాళ్లని పిలవాలి. ఓడలో టాయిలెట్లు వాక్యూమ్ పద్ధతిలో నడుస్తాయి, ఒక గదిలో ఎవరైనా డైపరు గానీ తడి టిష్యూలు గానీ వేస్తే ఆ వరస గదులన్నిటికీ ఆగిపోతుంది.

---

బీచ్ రోడ్డు నడక (ఎంవీపీ కాలనీ)
శనివారం, రాత్రి 10.48

నా అభిప్రాయం వేరు. క్రూయిజ్‌కి వెళ్లేది గదిలో కూర్చోడానికా? గది పడుకోడానికీ స్నానానికీ. మిగతా సమయమంతా డెక్కు మీద ఉండాలి. మా దంపతులం ఎప్పుడూ లోపలి గదే తీసుకుంటాం. మిగిలిన డబ్బుతో రేవుల్లో హాయిగా తిరుగుతాం. పొద్దున్నే అయిదింటికి పై డెక్కు మీదకెళితే మనిషి ఉండడు, సముద్రమంతా మనదే.

గాజువాక అమ్మాయి చెప్పిన చీకటి నిజమే. దానికి మేం బాత్‌రూమ్ లైటు వేసి తలుపు కొంచెం తెరిచి ఉంచుతాం. ఓడ గది గోడలు చాలావాటిలో ఉక్కు రేకే, అయస్కాంతం ఉన్న కొక్కేలు నాలుగు పట్టుకెళితే తడి తువ్వాళ్లు, టోపీలు, బ్యాగులు గోడకే తగిలించుకోవచ్చు. చిన్న గదిలో నేల ఖాళీగా ఉంటేనే ప్రాణం కుదుటపడుతుంది. సూట్‌కేసులు ఖాళీ చేసి మంచం కిందికి తోసేయాలి.

---

తెల్లకెరటం (సీతమ్మధార)
శనివారం, రాత్రి 11.05

బీచ్ రోడ్డు నడక గారూ, మీరు చెప్పింది కాళ్లు బాగా ఆడేవాళ్లకి సరిపోతుందండీ. మా అమ్మ లిఫ్టు దాకా నడిచేసరికే ఆయాసపడేది. ఓడలో నడవాలు ఎంత పొడుగో మీకు తెలుసు కదా. మధ్యాహ్నమంతా ఆవిడ గదిలోనే ఉండేది. అలాంటివాళ్లకి కిటికీయే ప్రయాణం. కిటికీకి బోటు అడ్డం ఉంటుందని ముందే చెప్పి ఉంటే మేం వేరేలా ఆలోచించేవాళ్లం. చెప్పింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి.

డాల్ఫిన్ నోస్ గారూ, చాలా థాంక్స్. 'అడ్డం ఉన్న కిటికీ' అన్న మాట మాకు ఎవరూ చెప్పలేదు. రసీదులో 'సీ వ్యూ' అని మాత్రమే ఉంది. గది నంబరు ఓడెక్కే రోజు దాకా ఇవ్వలేదు.

---

టికెట్ కౌంటర్ (ద్వారకానగర్)
ఆదివారం, ఉదయం 8.20

నేనూ ఈ వ్యాపారంలోనే ఉన్నాను. తెల్లకెరటం గారిది మా దగ్గర చేసిన బుకింగ్ కాదు. అయినా మా వైపు నుంచి చెప్పాల్సింది చెప్తాను.

గది నంబరు ముందే ఇవ్వని టికెట్లు ఉంటాయి. 'గ్యారంటీ' ఫేర్ అంటారు. కేటగిరీ మాత్రం ఖాయం, ఏ గది అన్నది కంపెనీ ఇష్టం. చివరికి ఎవరూ ఎంచుకోని గదులే వీళ్లకి పడతాయి. అంటే లిఫ్టు పక్కన, వంటశాల పైన, బోటు వెనక. ధర తగ్గుతుంది కాబట్టి చాలామంది ఏజెంట్లు ప్యాకేజీలో దీన్నే పెడతారు. పెట్టడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. నేనైతే నంబరు ఎంచుకునే టికెట్ ధర, గ్యారంటీ టికెట్ ధర రెండూ ఒకే కాగితం మీద రాసి ఇస్తాను.

నంబరు చేతికొచ్చాక ఓడ డెక్ ప్లాన్, అంటే అంతస్తుల పటం, తెరవండి, కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. మీ గదికి సరిగ్గా పైన ఏముంది, కింద ఏముంది అని రెండు డెక్కులూ చూడండి. పైనా కిందా కూడా గదులే ఉంటే నిశ్చింత. పైన ఈత కొలను డెక్కు ఉంటే తెల్లారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు. కింద థియేటర్, క్లబ్ ఉంటే రాత్రి మోత. రెండు గదుల మధ్య తలుపు గుర్తు ఉంటే పక్కవాళ్ల మాటలన్నీ వినపడతాయి. కిటికీ ముందు లైఫ్‌బోటు ఉందా అన్నది కూడా చాలా ప్లాన్లలో గుర్తు పెట్టి చూపిస్తారు.

ఇంకో మాట. నలుగురు పెద్దవాళ్లని ఒకే గదిలో పెట్టొద్దని నేను చెప్తాను, వ్యాపారం పోయినా సరే. మామూలు లోపలి గది దాదాపు 150 చదరపు అడుగులు ఉంటుంది. పక్కపక్కన రెండు లోపలి గదులు తీసుకుంటే ఒక్కోసారి నలుగురి బాల్కనీ గదికీ వాటికీ ధరలో పెద్ద తేడా రాదు, రెండు బాత్‌రూమ్‌లు వస్తాయి. అడిగి చూడాలి.

---

అండమాన్ ప్రయాణికుడు (వన్‌టౌన్)
ఆదివారం, ఉదయం 9.45

అమ్మా తెల్లకెరటం, నీ వయసు పిల్లలకి తెలుసో లేదో, మన ఊరి నుంచి క్రూయిజ్ అన్న మాట రాకముందే ఓడ ప్రయాణం ఉంది. ఇక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, హర్షవర్ధన ఓడ వెళ్లేది. 1200 కిలోమీటర్ల దూరం, రెండు రోజులు దాటి పట్టేది. శ్రీకాకుళం జిల్లా నుంచి పొట్ట చేతపట్టుకుని అండమాన్ వెళ్లి స్థిరపడినవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లంతా బంక్ క్లాసులో పడుకుని వెళ్లారు. పెద్ద హాలు, వరసలుగా ఒకదాని మీద ఒకటి బెర్తులు, గాలి అంతంతమాత్రం. పెట్టెలూ, పచ్చడి జాడీలూ, ఏడ్చే పిల్లలూ. అల ఎక్కువైన రాత్రి హాలంతా వాంతులే.

నువ్వు ఫిర్యాదు చేయకూడదని ఈ మాట చెప్పడం లేదు. బంక్ క్లాసు టికెట్ కొన్నవాడికి బంక్ క్లాసే ఇచ్చారు, ఫలానా బెర్తు అని చెప్పే ఇచ్చారు. అంత చౌక టికెట్‌కి అంత స్పష్టత ఉన్నప్పుడు, మీ దగ్గర లక్షలు తీసుకున్నవాళ్లు గది ఎక్కడుందో చెప్పకపోవడం నాకు మింగుడు పడటం లేదు.

నాన్నగారు ఏ సెక్షన్‌లో చేసేవారు? నేను డాక్ యార్డు వైపు చాలాకాలం తిరిగినవాణ్ణే.

---

మందుల చీటీ (రామ్‌నగర్)
ఆదివారం, ఉదయం 10.30

డాక్టర్‌ని. గది గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఒంటికి సంబంధించిన రెండు మాటలు.

కడుపులో తిప్పడం మొదలయ్యాక మాత్ర వేసుకుంటే లాభం తక్కువ, అది ఒంటపట్టకముందే బయటికి వచ్చేస్తుంది. ఓడ కదలడానికి గంట, రెండు గంటల ముందే వేసుకోవాలి. ఈ మాత్రల్లో చాలావాటికి మత్తు వస్తుంది. గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు, ప్రోస్టేట్ వల్ల మూత్రం ఇబ్బంది ఉన్న మగవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. పెద్దవాళ్లు రాత్రి మత్తులో లేచి నిచ్చెన తగిలి పడితే తుంటి ఎముక విరుగుతుంది. తెల్లకెరటం గారు రాసిన నిచ్చెన సంగతి చదివి నాకు ముందు తట్టింది అదే.

కిటికీ ఉన్న గదికి ఇంకో ఉపయోగం ఉంది. తల తిరిగేటప్పుడు కదలని దిగంతం వైపు చూస్తే ఉపశమనం. కళ్లు చూసేదీ చెవిలోని బ్యాలెన్స్ చెప్పేదీ ఒకటైతే మెదడుకి గందరగోళం తగ్గుతుంది. లోపలి గదిలో గోడలు కదలనట్టే కనిపిస్తాయి, ఒళ్లు మాత్రం ఊగుతుంది. అప్పుడు గదిలో ఉండకుండా డెక్కు మీదకి రావాలి.

చేతులు సబ్బుతో కడగండి. నోరోవైరస్ అని వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్ ఓడల్లో వేగంగా పాకుతుంది. స్ప్రే చేసే శానిటైజర్ దాని మీద అంతగా పనిచేయదు. అమెరికా రేవులకి వెళ్లే ఓడల్ని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ శుభ్రత కోసం తనిఖీ చేసి 100కి మార్కులు వేస్తుంది. 85 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ఫెయిల్. ఆ మార్కులు అందరికీ చూపిస్తారు. మన వైపు తిరిగే ఓడల్లో అమెరికాకి వెళ్లొచ్చినవి ఉంటే పాత మార్కులు దొరుకుతాయి.

ఓడలోని ఆసుపత్రి బిల్లు నేరుగా మీ గది ఖాతాలో పడుతుంది. ప్రయాణ బీమా లేకుండా పెద్దవాళ్లని తీసుకెళ్లొద్దు.

---

నల్లకోటు (మహారాణిపేట)
ఆదివారం, మధ్యాహ్నం 12.10

తెల్లకెరటం గారి రెండో ప్రశ్నకి ఇప్పటిదాకా ఎవరూ జవాబివ్వలేదు. వినియోగదారుల కేసులు చూస్తుంటాను కాబట్టి రాస్తున్నాను.

మీ ఫిర్యాదులన్నీ ఒకే మూటలో కట్టొద్దు. ఫుకెట్‌లో దిగలేకపోవడం బలహీనమైన పాయింట్. గాలి, అల బాగా లేనప్పుడు రేవు వదిలేసే అధికారం కెప్టెన్‌కి ఉంటుందని మీరు ఒప్పుకున్న షరతుల్లోనే ఉంటుంది. అది ప్రయాణికుల ప్రాణాల కోసమే కాబట్టి ఏ వినియోగదారుల కమిషనూ తప్పు పట్టదు. 2013 ఫిబ్రవరిలో కార్నివాల్ ట్రయంఫ్ ఓడ ఇంజన్ రూమ్‌లో మంటలు లేచి మెక్సికో సింధుశాఖలో కరెంటు లేకుండా ఉండిపోయింది, టాయిలెట్లు ఆగిపోయి నాలుగు వేల మందికి పైగా నరకం చూశారు. ఆ గొడవ తర్వాత అదే ఏడాది క్రూయిజ్ కంపెనీల సంఘం ప్రయాణికుల హక్కులంటూ ఒక జాబితా ప్రకటించింది. యంత్రాలు చెడిపోయి ప్రయాణం రద్దయితే పూర్తి డబ్బు, మధ్యలో ఆగిపోతే కొంత డబ్బు వెనక్కి ఇవ్వాలని అందులో ఉంది. వాతావరణం వల్ల రేవు తప్పిపోతే మాత్రం ఆ హామీ వర్తించదు.

మీకు బలమైనది గది విషయం. 'సముద్రం కనిపించే గది' అని డబ్బు తీసుకుని సముద్రం కనిపించని గది ఇవ్వడం సేవలో లోపం. అడ్డం సంగతి తెలిసీ దాచి ఉంటే అది అనుచిత వ్యాపార పద్ధతి కూడా అవుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే ఊళ్లోనే కేసు వేయొచ్చు, సింగపూర్ వెళ్లక్కర్లేదు. మీరు కట్టిన మొత్తం 50 లక్షల లోపు కాబట్టి విశాఖ జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. కారణం జరిగిన రోజు నుంచి రెండేళ్ల గడువు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, చాలా కేసులు అక్కడే రాజీ పడతాయి.

మీ దగ్గర ఏమేం ఉన్నాయి? ఏజెన్సీ పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, బ్రోషర్, రసీదు, కిటికీ ఫొటో, గది నంబరు ఉన్న కార్డు. ఇవి కాక ఓడలో ఉండగానే రిసెప్షన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారా?

---

తెల్లకెరటం (సీతమ్మధార)
ఆదివారం, మధ్యాహ్నం 1.25

నల్లకోటు గారూ, చాలా చాలా ధన్యవాదాలు. రిసెప్షన్‌లో మావారు పట్టుబట్టి ఫారం నింపారు, దాని కాపీ ఉంది. కిటికీ ఫొటోలు ఉన్నాయి. ఏజెన్సీ అబ్బాయి వాట్సాప్‌లో 'పొద్దున్న లేవగానే మంచం మీంచే సముద్రం చూడొచ్చు అంకుల్' అని నాన్నగారికి పంపిన వాయిస్ మెసేజ్ కూడా ఉంది.

అండమాన్ ప్రయాణికుడు బాబాయ్ గారూ, నాన్నగారు ట్రాఫిక్ విభాగంలో చేసేవారు. మీ పోస్టు చదివి వినిపించాను, హర్షవర్ధన పేరు వినగానే లేచి కూర్చున్నారు.

---

నల్లకోటు (మహారాణిపేట)
ఆదివారం, మధ్యాహ్నం 1.40

ఆ వాయిస్ మెసేజ్ చెరపొద్దు. ఫోన్ మార్చొద్దు. అందులో ఉన్న మాటల్ని యథాతథంగా కాగితం మీద రాసి, తేదీ, సమయం వేసి ఉంచండి. ఏజెన్సీకి ముందు లిఖితపూర్వక నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అడిగే మొత్తం న్యాయంగా ఉండాలి. అడ్డం ఉన్న గదికీ పూర్తి చూపు గదికీ ఆ ప్రయాణంలో ధర తేడా ఎంతో కంపెనీ వెబ్‌సైట్ నుంచి తీసి జత చేయండి. దాని మీద మానసిక వేదనకి కొంత అడగొచ్చు.

---

మధురవాడ మలుపు
ఆదివారం, సాయంత్రం 6.15

సరైన సమయానికి దొరికింది ఈ చర్చ. మా అత్తగారిది చక్రాల కుర్చీ. మన పోర్టులోనే 2023 సెప్టెంబరులో 96 కోట్లతో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు కదా, ఇక్కడి నుంచే వెళ్లే ఓడ ఉంటే విమానం బాధ లేకుండా తీసుకెళ్దామని చూస్తున్నాం. వర్షాకాలంలో వెళ్లొచ్చా? చక్రాల కుర్చీతో గదిలో ఇబ్బంది ఉంటుందా?

---

బీచ్ రోడ్డు నడక (ఎంవీపీ కాలనీ)
ఆదివారం, సాయంత్రం 6.40

ఇక్కడి నుంచి వెళ్లే వాటిల్లో రేవుల అనుమతి సంగతి ముందు కనుక్కోండి. 2022 జూన్‌లో వైజాగ్, పుదుచ్చేరి, చెన్నై అని క్రూయిజ్ మొదలుపెట్టినప్పుడు పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వక ఓడ అక్కడ ఆగకుండా వెళ్లిపోయింది. 2025లో మాత్రం పుదుచ్చేరిలో దిగారు. ప్రయాణ పత్రంలో రాసిన ప్రతి రేవుకీ అనుమతి వచ్చిందా అని అడగడంలో మొహమాటం వద్దు.

నిన్న నేను రాసిన దాని గురించి తెల్లకెరటం గారి జవాబు చదివాక ఆలోచించాను. అమ్మగారి లాంటివాళ్లకి కిటికీయే ప్రయాణం అన్న మాట నిజం.

---

డాల్ఫిన్ నోస్ (మల్కాపురం)
ఆదివారం, రాత్రి 8.05

మధురవాడ మలుపు గారూ, మన బంగాళాఖాతం సంగతి ఫిషింగ్ హార్బర్‌లో ఎవరినడిగినా చెప్తారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, సముద్రం ఎగుడుదిగుడుగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, 2020 అక్టోబరులో తెన్నేటి పార్కు దగ్గర బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒడ్డుకి కొట్టుకొచ్చింది కూడా వాయుగుండం గాలికే. జనవరి నుంచి మార్చి వరకు నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. అత్తగారిని ఆ రోజుల్లో తీసుకెళ్లండి.

చక్రాల కుర్చీకి మామూలు గది పనికిరాదు. తలుపు ఇరుకు, బాత్‌రూమ్‌కి నీళ్లు బయటికి రాకుండా ఎత్తు గడప ఉంటుంది. దాన్ని కుర్చీ దాటలేదు, పెద్దవాళ్లు రాత్రి తట్టుకుని పడేది కూడా అక్కడే. వీళ్ల కోసం వెడల్పు తలుపు, గడప లేని స్నానాల గది, పట్టుకునే కడ్డీలు ఉన్న గదులు ఉంటాయి. ఓడ మొత్తానికి కొన్నే ఉంటాయి కాబట్టి నెలల ముందే అయిపోతాయి. లిఫ్టుకి దగ్గరగా అడగండి.

ఇంకోటి. ఓడ గట్టుకి ఆనుకుని ఆగే రేవులైతేనే కుర్చీతో దిగగలరు. దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో తీసుకెళ్లే చోట్ల, పడవ అలకి లేచి పడుతుంటే కుర్చీని దింపడానికి సిబ్బంది ఒప్పుకోరు. ఫుకెట్‌లో తెల్లకెరటం గారికి పడవలు దింపకపోవడానికి కారణం అదే. నేనా స్థానంలో ఉన్నా దింపేవాణ్ణి కాదు. పడవకీ మెట్టుకీ మధ్య కాలు ఇరుక్కున్నవాణ్ణి చూశాను.

ప్రయాణం మొదట్లో లైఫ్‌జాకెట్ డ్రిల్లు ఉంటుంది. చాలామంది గదిలోనే ఉండిపోవాలని చూస్తారు. 2012 జనవరిలో ఇటలీలో కోస్టా కాంకోర్డియా రాయికి కొట్టుకుని ఒరిగి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కినవాళ్లలో చాలామందికి అప్పటికి డ్రిల్లు జరగలేదు. ఆ తర్వాతే బయల్దేరక ముందు గానీ, బయల్దేరిన వెంటనే గానీ డ్రిల్లు జరిగి తీరాలని అంతర్జాతీయ నియమం మార్చారు. అత్తగారి కుర్చీ సంగతి ఆ రోజే సిబ్బందికి చెప్పి, ఆపద వస్తే ఎవరు వచ్చి తీసుకెళ్తారో పేరుతో సహా అడిగి తెలుసుకోండి.

---

గాజువాక గృహిణి
ఆదివారం, రాత్రి 8.30

ఫోన్ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఓడ కదలగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. లేకపోతే ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్‌కి దానంతటదే కలిసి రోమింగ్ బిల్లు వాచిపోతుంది. మావారి ఫోన్‌కి అలాగే వచ్చింది. టిప్పులు కూడా మనిషికి రాత్రికి ఇంతని గది ఖాతాలో వేసేస్తారు, ప్యాకేజీలో కలిసి ఉన్నాయో లేదో ముందే అడగండి.

---

టికెట్ కౌంటర్ (ద్వారకానగర్)
ఆదివారం, రాత్రి 9.15

మధురవాడ మలుపు గారూ, మీరు ఎవరి దగ్గర బుక్ చేసినా పర్వాలేదు. డబ్బు కట్టే ముందు ఈమెయిల్‌లో నాలుగు ముక్కలు రాయించుకోండి: గది నంబరు, డెక్కు నంబరు, కిటికీకి అడ్డం ఏమైనా ఉందా, బాత్‌రూమ్‌కి గడప ఉందా. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి తీసుకోవద్దు. రాయనన్న ఏజెంట్ దగ్గర అడ్వాన్సు కూడా కట్టొద్దు. అత్తగారి కుర్చీ వెడల్పు టేపుతో కొలిచి, మడిస్తే ఎంతో కూడా రాసి పంపండి, కంపెనీలు అది అడుగుతాయి.

---

మధురవాడ మలుపు
ఆదివారం, రాత్రి 9.50

ఇప్పుడే కొలిచాను. తెరిస్తే 25 అంగుళాలు, మడిస్తే 12. ఫిబ్రవరికి ఏ ఓడలున్నాయో చూసి, ఆ నాలుగు ప్రశ్నలతో రేపే ఈమెయిల్ పెడతాను. జవాబు రాగానే ఇక్కడ వేస్తాను, డెక్ ప్లాన్ మీరంతా ఒకసారి చూసి చెప్పాలి.